"నీకూ మాకూ సంబంధం లేదు, ఏజెన్సీని అడుగు" అంటే ఏం చేయాలి? ఔట్‌సోర్సింగ్ ల్యాబ్ టెక్నీషియన్‌కు నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీరు తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఔట్‌సోర్సింగ్ ల్యాబ్ టెక్నీషియన్‌. మూడు నెలలుగా జీతం లేదు. జీతం 19,500 అని కాగితం మీద ఉంది, చేతికి వచ్చేది 15,453. పీఎఫ్ కట్ అవుతోంది కానీ పాస్‌బుక్‌లో ఏడు నెలలుగా ఏమీ పడలేదు. పోయినేడు ఏజెన్సీ మారింది. సూపరింటెండెంట్‌ను అడిగితే ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజరేమో, యూనియన్‌లో పేరు కనిపిస్తే మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దన్నాడు. పర్మనెంట్ అవుతామా అని చివర్లో అడిగారు. మధ్యలో ఒక్క వాక్యంలో, ఇరవై రోజుల కింద క్యాజువాలిటీలో రక్తం తీస్తుండగా సూది గుచ్చుకుందని, ఎవరికీ చెప్పలేదని రాశారు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. మొదటి ఏడేళ్లు కాంట్రాక్టు మీదే. తర్వాత పన్నెండేళ్లు యూనియన్ బాధ్యతల్లో ఉన్నాను. లేబర్ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. అందుకే జీతం కంటే ముందు సూది సంగతి మాట్లాడతాను. మీరు దాన్ని చిన్న విషయంగా రాశారు. అది చిన్నది కాదు.

సూది గుచ్చుకున్న 72 గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోపే, హెచ్‌ఐవీ రాకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ గడువు మీకు దాటిపోయింది. దాటిపోయిందని ఊరుకోవద్దు. రేపే ఆసుపత్రిలోని ఏఆర్‌టీ సెంటర్‌కు (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) గానీ ఫిజీషియన్ దగ్గరకు గానీ వెళ్లి జరిగింది చెప్పండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఇప్పుడొకసారి చేయించుకోవాలి. గుచ్చుకున్న రోజు నుంచి ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. ఆ పేషెంట్ శాంపిల్ మీ ల్యాబ్‌కే వచ్చి ఉంటుంది కాబట్టి ఆ రిపోర్టులు ఏమున్నాయో డాక్టర్ ద్వారా కనుక్కోండి. హెపటైటిస్ బీ టీకా ఒక్క డోసు వేసుకుని ఆపేశానన్నారు. మిగతావి పూర్తి చేయండి. మూడో డోసు పడిన నెల రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ పరీక్ష చేయించుకోండి. మన బెంచి మీద రోజూ పదుల కొద్దీ చేసే పరీక్షే, మన రక్తానికి మనం చేసుకోం.

ఇందులో హక్కు కూడా ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఉద్యోగంలో చేరేటప్పుడూ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారీ ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి నడిపేవాళ్ల బాధ్యత. రెగ్యులరా, ఔట్‌సోర్సింగా అన్న తేడా అక్కడ లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం 19వ సెక్షన్ కూడా, ఇలాంటి ప్రమాదం ఉన్న చోట పనిచేసే అందరికీ గ్లవ్స్ వంటి రక్షణ, శిక్షణ, సూది గుచ్చుకుంటే మందులు ఇవ్వాలని చెబుతోంది. కాబట్టి జరిగినదాన్ని ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి. ఆలస్యంగా చెబుతున్నానని ఆ కాగితంలోనే నిజం రాయండి, పర్వాలేదు. రేపు ఏదైనా తేడా వస్తే, అది డ్యూటీలో వచ్చిందని చెప్పడానికి ఆ ఒక్క వరుసే ఆధారం అవుతుంది. మీ జీతం 21,000 లోపే కాబట్టి మీకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తించాలి. డ్యూటీలో తగిలిన గాయం వల్ల పనికి రాలేకపోతే ఈఎస్ఐ నుంచి జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది. దానికీ ఆ వరుసే కావాలి.

ఇక జీతం. "నీకూ మాకూ సంబంధం లేదు" అనే మాట నేను ఎంతమంది నోట విన్నానో. అధికారుల్లో చాలామంది చెడ్డవాళ్లని నేననను, నిజంగానే అలా అనుకుంటారు. ఆర్డరు ఏజెన్సీ ఇచ్చింది, జీతం ఏజెన్సీ వేస్తుంది, కాబట్టి తమకేం సంబంధం అని. కానీ చట్టంలో మీకు ఇద్దరు యజమానులు ఉన్నారు. ఏజెన్సీ కాంట్రాక్టర్. మీతో పని చేయించుకునే ఆసుపత్రి ప్రధాన యజమాని, ప్రిన్సిపల్ ఎంప్లాయర్. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇచ్చి, ఆ సొమ్ము కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఇది 21వ సెక్షన్‌గా ఉండేది. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, వాటిలో వృత్తి భద్రత కోడ్ 55వ సెక్షన్‌లో ఇదే మాట మళ్లీ ఉంది. ఆ కోడ్ ప్రభుత్వ ఆఫీసులకు వర్తించదని ఎవరైనా అంటే, మొదటి సెక్షన్ పూర్తిగా చదవమనండి. ప్రభుత్వమే ప్రధాన యజమానిగా కాంట్రాక్టర్ ద్వారా మనుషుల్ని పెట్టుకున్న చోట కోడ్ వర్తిస్తుందని అందులో ప్రత్యేకంగా రాశారు. ఒక్కటి గుర్తుంచుకోండి. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే చాలు అనేది, కొత్త కోడ్ ఆ సంఖ్యను 50 చేసింది. మీ ల్యాబ్‌లో ఆరుగురే ఉండొచ్చు. కానీ చూడాల్సింది ల్యాబ్‌ను కాదు. శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్, డేటా ఎంట్రీ అందరినీ కలిపి లెక్క వేయండి.

"ప్రభుత్వం నుంచి బిల్లు రాలేదు, మేమెక్కడి నుంచి ఇవ్వాలి" అని ఏజెన్సీ అంటుంది. బిల్లు ఆలస్యం కావడం నిజమే కావచ్చు, ట్రెజరీల్లో అవి నెలల తరబడి ఆగడం నేను చూశాను. అయినా జీతానికీ బిల్లుకూ చట్టం ముడి పెట్టలేదు. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు పడాలి. పడకపోతే 45వ సెక్షన్ కింద అధికారి ముందు క్లెయిమ్ వేయొచ్చు. మీరు వేయొచ్చు, మీ తరఫున యూనియన్ కూడా వేయొచ్చు. మూడేళ్ల గడువు ఉంది. రావాల్సిన సొమ్ముకు తోడు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. పది రెట్లు వేస్తారని ఆశ పెట్టడం లేదు. ఆ మాట నోటీసులో రాస్తే అవతలివాళ్లు లెక్క చూసుకుంటారని చెబుతున్నాను.

మీరు పంపిన అంకెలు చూసి కాగితం మీద లెక్క వేశాను. 19,500 జీతం. పీఎఫ్ దాని పరిమితి అయిన 15,000 మీద 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ మీ వంతు 0.75 శాతం, అంటే 147. వృత్తి పన్ను 150. ఇవి పోగా మీ చేతికి 17,403 రావాలి. వస్తున్నది 15,453. తేడా సరిగ్గా 1,950. ఈ అంకెను నేను చాలాసార్లు చూశాను. 15,000 మీద 13 శాతం అది. యజమాని తన జేబులోంచి కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం, దాని మీద బీమా, నిర్వహణ ఖర్చుల కింద ఇంకో శాతం. మీ ఏజెన్సీ తను కట్టాల్సింది కూడా మీ జీతంలోంచే కోస్తోందని ఈ లెక్క చెబుతోంది. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ స్కీమ్‌లోనే స్పష్టంగా ఉంది. నాలుగేళ్లలో ఇది ఎంతవుతుందో చూడండి. నెలకు 1,950 చొప్పున 48 నెలలకు 93,600. మొదటి నుంచీ ఇలాగే కోశారో లేదో మీ పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తే తెలుస్తుంది. మీతో పాటు పనిచేసేవాళ్లందరినీ కూర్చోబెట్టి ఈ లెక్క ఒక్కసారి చేయించండి. నా అనుభవంలో ఏ ఉపన్యాసానికీ రానివాళ్లు కూడా ఈ కాగితం చూశాక యూనియన్ మీటింగుకు వచ్చారు.

పాస్‌బుక్‌లో ఏడు నెలలు ఖాళీగా ఉండటం ఇంకా పెద్ద విషయం. మీ వంతు కోసుకుని కట్టకపోవడాన్ని చట్టం నమ్మకద్రోహంగా చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ వివరణలో పీఎఫ్ గురించి పేరుపెట్టి ఉంది. ముందు ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తీసి, నెలవారీగా ఏ నెల పడింది, ఏ నెల పడలేదు అని ఒక పట్టిక రాయండి. పే స్లిప్పులు పక్కన పెట్టండి. పీఎఫ్ ఆఫీసు వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో యూఏఎన్ నంబరుతో (మీ పీఎఫ్ గుర్తింపు సంఖ్య) ఫిర్యాదు పెట్టండి, నంబరు వస్తుంది, దాచుకోండి. కాంట్రాక్టర్ కట్టకపోతే పీఎఫ్ కూడా ప్రధాన యజమాని బాధ్యతే. ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి. లేకపోతే ఏజెన్సీ పాత అడ్రసుకు నోటీసు వెళ్లి, తాళం చూసి తిరిగొస్తుంది.

ఇక్కడ ఇంకో మాట. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీసి ఇస్తుంటారు. ఒప్పుకోవద్దు. మనిషికి యూఏఎన్ ఒక్కటే. పాత ఖాతాలో డబ్బు తీసేసుకోకుండా కొత్తదానికి బదిలీ చేయించండి. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు వెళ్తుంది, దానిలో పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పెళ్లి ఖర్చనో ఇంటి అడ్వాన్సనో మధ్యలో ఫామ్ 10సీ పెట్టి ఆ పెన్షన్ సొమ్ము తీసుకున్నవాళ్లు ఆ సర్వీసు పోగొట్టుకున్నారు. నాతో పనిచేసిన ఒకతను పదిహేడేళ్లు ఔట్‌సోర్సింగ్‌లో చేశాడు, మూడుసార్లు తీసుకున్నాడు, చివరికి లెక్కలో నాలుగేళ్లు మిగిలాయి. నామినేషన్ కూడా చూసుకోండి. సర్వీసులో ఉండగా ఏదైనా జరిగితే పీఎఫ్‌కు అనుబంధంగా ఉన్న బీమా కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది.

కరోనా రెండో వేవ్‌లో మా ఆసుపత్రిలో ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ పోయాడు. 34 ఏళ్లు. ఔట్‌సోర్సింగే. కోవిడ్ వార్డులో పోర్టబుల్ ఎక్స్‌రేలు తీసింది అతనే. ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 2020లో పెట్టిన 50 లక్షల బీమా ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ వర్తించింది. కానీ కోవిడ్ డ్యూటీలో ఉన్నాడని ఆసుపత్రి సర్టిఫికెట్ ఇవ్వాలి. అతని పేరు ఏ డ్యూటీ ఆర్డర్‌లోనూ లేదు. నోటితో చెప్పి పంపేవాళ్లు. ఆరు వారాలు తిరిగాం. చివరికి దొరికింది ఏమిటంటే, ఎక్స్‌రే రిజిస్టర్‌లో ప్రతి ఫిల్మ్ ఎదురుగా అతను పెట్టిన పొట్టి సంతకం. వార్డు పేరు, తేదీ, టైము, సంతకం. ఆ పేజీల కాపీలతో సర్టిఫికెట్ వచ్చింది, క్లెయిమ్ వెళ్లింది. ఆ రోజు నుంచి నేను ఎక్కడికి వెళ్లినా పిల్లలకు ఇదే చెబుతున్నాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండా ఏ శాంపిలూ పంపవద్దు, ఏ ఫిల్మూ తీయవద్దు. డ్యూటీ చార్ట్ గోడ మీద పెట్టిన రోజే ఫొటో తీసుకోండి. పేషెంట్ల వివరాలు కాదు, మీ పేరున్న చార్టు మాత్రమే.

ఏజెన్సీ మారినప్పుడు అసలు పోయేది కూడా ఇదే. మీరు అదే మైక్రోస్కోప్ ముందు అదే స్టూలు మీద కూర్చుని ఉంటారు, కాగితం మీద మాత్రం పాత ఉద్యోగం అయిపోయి కొత్తది మొదలైనట్టు రాస్తారు. నాలుగేళ్ల సర్వీసు ముక్కలవుతుంది. పాత ఏజెన్సీ ఆఫీసు ఎత్తేశాక మీరు అక్కడ పనిచేశారని చెప్పేవాళ్లు ఉండరు. అందుకని ఆసుపత్రి నుంచే సర్వీసు సర్టిఫికెట్ అడగాలి, ఏజెన్సీ నుంచి కాదు. దీని విలువ ఊహకే కాదు, మార్కుల్లోనే ఉంది. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, రాత పరీక్షకు 80, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పెట్టారు. ఆరు నెలలకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతాల్లో అయితే 2.5. మీ నాలుగేళ్లకు 16 పాయింట్లు అవుతాయి. రాత పరీక్షలో 16 తెచ్చుకోవడానికి ఎన్ని నెలలు చదవాలో మీకు తెలుసు. తర్వాతి నోటిఫికేషన్ వచ్చాక సర్టిఫికెట్ కోసం క్యూ కట్టే కంటే ఇప్పుడే, మిమ్మల్ని చూసిన సూపరింటెండెంట్ సీట్లో ఉండగానే తీసుకోండి. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చూసుకోండి.

పర్మనెంట్ సంగతి. ఇక్కడ మీకు తియ్యటి మాటలు చెప్పలేను. 2001లో స్టీల్ అథారిటీ కేసులో, కాంట్రాక్టు విధానం రద్దయినా కార్మికులు వాటంతటవే రెగ్యులర్ అయిపోరని సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో ఉమాదేవి కేసులో, సరైన పద్ధతిలో ఎంపిక కాకుండా పెట్టుకున్నవాళ్లు రెగ్యులరైజేషన్ హక్కుగా అడగలేరని రాజ్యాంగ ధర్మాసనం అన్నది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లు చేసినవాళ్లకు మాత్రం ఒక్కసారికి అవకాశం ఇమ్మంది. ఆ తర్వాత గాలి కొంత మారింది. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ స్కేలులో కనీస జీతం ఇవ్వాలని తీర్పు వచ్చింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో దశాబ్దాలుగా ఊడ్చే పని, తోట పని చేసినవాళ్లను రెగ్యులర్ చేయమని కోర్టు ఆదేశించింది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లను తీసేయడం తప్పని కూడా అంది. ఇవన్నీ మంచివే. కానీ ఈ కేసులు గెలిచినవాళ్లు శాఖ నేరుగా పెట్టుకున్నవాళ్లు. మధ్యలో ఏజెన్సీ ఉన్నవాళ్ల కేసు ఇంకా కష్టం.

తెలంగాణలో జరిగింది మీరే చూశారు. 2023 ఏప్రిల్ చివర్లో, శాఖలు నేరుగా పెట్టుకున్న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేశారు. ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఆ జాబితాలో లేరు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తెచ్చిన చట్టం కూడా కాంట్రాక్టు వాళ్ల కోసమే. అక్కడ ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఏజెన్సీల బదులు ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టారు. పర్మనెంట్ కాలేదు గానీ, మధ్యలో కమిషన్ తినేవాడు పోయాడని అక్కడి మిత్రులు ఊపిరి పీల్చుకున్నారు. మన దగ్గర కూడా మొదట అడగాల్సింది అదేనని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోరు. పర్మనెంట్ తప్ప ఇంకేదీ అడగవద్దనే మిత్రులు యూనియన్‌లో ఉన్నారు, వాళ్లతో చాలాసార్లు వాదించాను. ఒక్కటి మాత్రం వాదన లేకుండా చెబుతాను. పర్మనెంట్ చేయిస్తానని, జీవో వస్తోందని, ఫైలు కదలాలని ఎవరైనా లక్ష, రెండు లక్షలు అడిగితే పైసా ఇవ్వవద్దు. పుస్తెలు తాకట్టు పెట్టి ఇచ్చినవాళ్లు నాకు తెలుసు.

యూనియన్‌కు వద్దాం. మీ సూపర్‌వైజర్ అన్న మాట బెదిరింపు మాత్రమే కాదు, చట్టం దృష్టిలో నేరం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. యూనియన్‌లో చేరితే తీసేస్తామనడం పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అనుచిత కార్మిక విధానాల జాబితాలో ఉంది, దానికి జరిమానా ఉంది. ఆ మాట ఏ రోజు, ఎన్నింటికి, ఎవరి ముందు అన్నాడో ఈ రాత్రే ఒక నోట్‌బుక్‌లో రాయండి. వాట్సాప్‌లో అని ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి. యూనియన్ కొత్తగా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి, పెద్ద చోట పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అది. నా సలహా మాత్రం కొత్తది పెట్టవద్దు. సీఐటీయూ, ఏఐటీయూసీ వంటి పెద్ద కార్మిక సంఘాలకు అనుబంధంగా వైద్య రంగంలో పనిచేస్తున్న సంఘాలు ఉన్నాయి. మీ జిల్లాలో ఎవరు నిజంగా లేబర్ ఆఫీసుకు వస్తున్నారో కనుక్కుని అందులో చేరండి. సభ్యత్వ రశీదు తీసుకోండి.

ఇక్కడ మన వాళ్ల మీద నాకొక బాధ ఉంది, చెప్పాలి. ల్యాబ్ వాళ్లు, ఎక్స్‌రే వాళ్లు, ఫార్మసిస్టులు, డయాలసిస్ టెక్నీషియన్లు, ఓటీ టెక్నీషియన్లు ఎవరికి వారు వేరు సంఘం పెట్టుకుంటారు. మేం టెక్నికల్, శానిటేషన్ వాళ్లతో కలిసి ఎలా కూర్చుంటాం అంటారు. ఒక ఆసుపత్రిలో ల్యాబ్ వాళ్లు ఎనిమిది మంది. ఎనిమిది మంది వినతిపత్రం ఇస్తే సూపరింటెండెంట్ టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద ఉంటుంది. శానిటేషన్, పేషెంట్ కేర్, సెక్యూరిటీతో కలిపి నూట నలభై మంది సంతకాలతో వెళ్తే అదే రోజు ఏజెన్సీని పిలిపిస్తారు. ఇది నేను కళ్లారా చూశాను. మా జీతాలు ఆగినప్పుడు మొదట రోడ్డెక్కింది శానిటేషన్ అక్కలే. వాళ్లు తెచ్చుకున్న జీతమే మాకూ వచ్చింది.

సమ్మె మాట చాలా జాగ్రత్తగా ఎత్తాలి. కొత్త కోడ్ ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదు. లేబర్ అధికారి ముందు చర్చలు నడుస్తున్నప్పుడూ, అవి ముగిశాక ఏడు రోజుల వరకూ చేయకూడదు. చాలామందికి తెలియని ఇంకో సంగతి, సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. పాత రోజుల్లో మేం మూకుమ్మడి సెలవు పెట్టేవాళ్లం, ఇప్పుడు అలా చేస్తే ఇరుక్కుంటారు. అది చట్టం మాట. ఇంకో మాట నా మనసుది. ఏం చేసినా క్యాజువాలిటీ, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ శాంపిళ్లు ఆపవద్దు. మా పోరాటాల్లో ఎప్పుడూ ఆపలేదు. రక్తం సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచ్ కోసం ఎదురుచూసే బాలింతకు మన జీతంతో సంబంధం లేదు. నల్ల బ్యాడ్జీలు, భోజన విరామంలో ధర్నా, కలెక్టరేట్‌లో ప్రజావాణి అర్జీ, ఆ తర్వాత సమ్మె నోటీసు. చాలాసార్లు నోటీసు ఇచ్చాక లేబర్ అధికారి ఇరుపక్షాలనూ పిలుస్తారు, అక్కడే తేలిపోతుంది.

మీ పక్క గదిలో ఎక్స్‌రే చేసే తమ్ముడు కూడా ఇది చదువుతాడని రాశారు కాబట్టి అతనికి నాలుగు మాటలు. ఛాతీకి పెట్టుకునే, రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రెగ్యులర్ వాళ్లకే, ఔట్‌సోర్సింగ్‌కు లేవంటే ఒప్పుకోవద్దు. 2004 రేడియేషన్ రక్షణ నిబంధనల్లో, రేడియేషన్ దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ డోసు కొలిచే ఏర్పాటు యజమాని చేయాలి. బ్యాడ్జి అతని పేరు మీదే ఉండాలి, ఇద్దరు ఒకటి వాడకూడదు, లెడ్ ఏప్రన్ లోపల పెట్టుకోవాలి, డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదిలో వదిలేయకూడదు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోసు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని పరిమితి. మూడు నెలలకోసారి వచ్చే డోసు రిపోర్టు అడిగి కాపీ తీసుకోమనండి. ఆ విభాగంలో అమ్మాయిలుంటే, గర్భం అని తెలిసిన వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటి నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చాలి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో ఐదో నెల దాకా దాచిన చెల్లెల్ని నేను చూశాను. రిపోర్టు వచ్చేదాకా ఆమె పడిన వేదన ఇంకెవరికీ రాకూడదు.

రాత్రి డ్యూటీలో పేషెంట్ బంధువులు తోసేశారని కూడా రాశారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వైద్య సిబ్బంది రక్షణ చట్టం పారామెడికల్ వాళ్లకూ వర్తిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా. మళ్లీ జరిగితే ఆ రాత్రే ఆర్‌ఎంవోకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) రాసి ఇవ్వండి, పోలీసు ఫిర్యాదు ఆసుపత్రి పేరు మీద వెళ్లాలని అడగండి.

ఇప్పుడు సోమవారం ఉదయం చేయాల్సింది. రేపు డాక్టర్‌ను కలవడం, ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించడం అయిపోతుంది కదా, ఆ తర్వాత ఒక్కరే వెళ్లవద్దు. మీ ల్యాబ్ వాళ్లు, వీలైతే శానిటేషన్ నుంచి ఒకరిద్దరు, యూనియన్ మనిషి ఒకరు కలిసి వెళ్లండి. అర్జీ సూపరింటెండెంట్ పేరు మీద. కాపీలు ఏజెన్సీకి, జిల్లా లేబర్ ఆఫీసుకు. కోపం మాటలు ఒక్కటీ వద్దు. ఇలా రాయండి:

"అయ్యా, మేము ఫలానా తేదీ నుంచి మీ ఆసుపత్రిలో ఫలానా ఏజెన్సీ ద్వారా పనిచేస్తున్నాము. ఫలానా మూడు నెలల జీతం ఈ రోజు వరకు అందలేదు. ఫలానా ఏడు నెలల పీఎఫ్ మా జీతంలో కోసి కూడా ఖాతాలో జమ చేయలేదు. యజమాని వాటా 1,950 కూడా మా జీతం నుంచే కోస్తున్నారు. లెక్క జతపరిచాము. ప్రధాన యజమానిగా మీరు బకాయిలు చెల్లించి ఏజెన్సీ నుంచి రాబట్టుకోవాలని, మా సర్వీసు సర్టిఫికెట్లు ఇప్పించాలని కోరుతున్నాము. 15 రోజుల్లో పరిష్కారం కాకపోతే వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్ దాఖలు చేస్తాము."

కింద అందరి పేర్లు, యూఏఎన్ నంబర్లు, సంతకాలు. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "సార్ లేరు, తర్వాత రండి" అంటే అక్కడే నిలబడి వాదించకండి, అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపండి. ఆ రశీదు ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి. పదహారో రోజుకు జవాబు రాకపోతే ఇక్కడే రాయండి, 45వ సెక్షన్ దరఖాస్తు ఎలా నింపాలో వరుసగా చెబుతాను.